క్రిస్మస్‌కే కాకుండా ప్రతి వారం సేవ చేయాలంటే ఎలా?

అందరికీ వందనాలు. మాది విజయవాడ. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా సంఘం యూత్ అంతా నీళ్లలో నడిచి పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు పంచాం. ఆ తర్వాత? క్రిస్మస్‌కి దుప్పట్లు, అంతే. క్రియలు లేని విశ్వాసం మృతమని బైబిల్లోని యాకోబు పత్రికలో చదివినప్పుడల్లా బాధగా ఉంటోంది.

నేను షాపులో పని చేస్తాను, రాత్రి తొమ్మిదికి గానీ ఇంటికి చేరను. ఆదివారం ఆరాధన అయ్యాక రెండు గంటలు దొరుకుతాయి. ప్రభుత్వాసుపత్రిలో రోగుల వెంట ఉండేవాళ్లకు భోజనం పెట్టాలా, లేక మా పేటలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు మందులు తెచ్చిచ్చి, కాసేపు కూర్చుని మాట్లాడాలా? నాకు రెండోదే మేలనిపిస్తోంది. వాళ్లకు డబ్బు కన్నా మనిషి కావాలి.

కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్నారు ప్రభువు. మరి సంఘంలో చెప్పకుండా తోడు వచ్చేవాళ్లను ఎలా కూడగట్టాలి? ఏళ్లుగా మానకుండా చేస్తున్నవాళ్లు, మొదటి ఉత్సాహం తగ్గాక ఎలా నిలబడ్డారో దయచేసి చెప్పండి.