పాట గొప్పదా, మన చిన్నతనం గొప్పదా?

పాత టేపు:
‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ 2025 మే 9న మళ్లీ థియేటర్లలోకి వచ్చినప్పుడు మా పాత స్నేహితులమంతా కలిసి వెళ్లాం. ‘అందాలలో అహో మహోదయం’ మొదలవగానే చుట్టూ చూద్దును కదా, నలభై దాటిన మగాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు. నా పక్కనున్న మా అక్క కొడుకు మాత్రం ఫోన్ తీశాడు. ఇంటర్వెల్లో అడిగితే, “పాట బాగానే ఉంది మామయ్యా, కానీ ఏడవడానికి అందులో ఏముంది?” అన్నాడు. వాడి ప్రశ్నే ఇక్కడ పెడుతున్నా. మనల్ని కదిలించేది ఇళయరాజా బాణీయా, అది విన్న వయసా? నా ఓటు వయసుకే. నిర్మా వాషింగ్ పౌడర్ ప్రకటన వినబడినా నాకు గొంతు పట్టేస్తుంది మరి. దాన్ని గొప్ప సంగీతం అని ఎవరూ అనరు కదా!

స్వరజతి:
నిర్మాతో పోలికేంటి మాస్టారూ! అది ఒకసారి వింటే చిన్నప్పటి టీవీ గుర్తొస్తుంది, అక్కడితో సరి. ఇంకోసారి పెట్టమని ఎవరూ అడగరు. నేను పుట్టింది 1996లో, అంటే ఆ సినిమా వచ్చిన ఆరేళ్లకి. ‘అందాలలో’ మొదటిసారి విన్నది ఇంజినీరింగ్ హాస్టల్లో, పక్క రూమ్ అమ్మాయి లాప్‌టాప్‌లో. బాలు గారు, జానకి గారు పాడుతుంటే రికార్డు రాసుకుంటున్నదాన్ని పెన్ను పక్కన పెట్టేశాను. అంతెందుకు, ‘లాహిరి లాహిరి లాహిరిలో’ 1957 నాటిది. అప్పటికి మా అమ్మే పుట్టలేదు. ఘంటసాల, లీల గొంతులు, కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ చూపించిన ఆ వెన్నెల, ఒక జంట తర్వాత ఒక జంట పడవెక్కడం... ఇందులో నా చిన్నతనం ఎక్కడుంది?

డల్లాస్ బావ:
వయసూ కాదు, బాణీ కాదు. దూరం. ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఈ పాటల్ని పట్టించుకోనే లేదు. ఇక్కడికొచ్చాక కార్లో వస్తే చాలు, పార్కింగ్‌లో ఆపేసి అయ్యేదాకా కూర్చుంటున్నా. మా ఆవిడ తిడుతుంది.

ఇందూరు నర్సన్న:
అందరూ ‘అందాలలో’ దగ్గరే ఆగిపోయారేందన్నా? అదే సినిమాలో ‘అబ్బనీ తీయనీ దెబ్బ’ సంగతి చెప్పండి. నాకప్పుడు ఎనిమిదేళ్లు. గణపతి మండపం మైకులో పొద్దస్తమానం అదే. మేం పిల్లలం గొంతు చించుకొని పాడేవాళ్లం, మా పెద్దమ్మ పక్కకు తిరిగి నవ్వేది. ఎందుకు నవ్వేదో పెళ్లయ్యాక గాని తెలవలేదు. వేటూరి గారు మామూలోడు కాదు! ఇప్పుడు నా బిడ్డ ముందు ఆ పాట పెట్టాలంటే టెన్షన్. అయినా పాట రాగానే ఆనందం అట్లనే ఉంది. అంటే అప్పుడు మేం ప్రేమించింది సాహిత్యాన్ని కాదు. అర్థమే కానిదాన్ని ఎట్ల ప్రేమిస్తం? నేను పాత టేపన్న పక్షమే.

లక్ష్మీటాకీస్:
నేను 1990లో ఇంటర్. ఆ సినిమా విడుదలైంది కూడా మే 9నే. సరిగ్గా అదే రోజు తుఫాను కృష్ణా డెల్టా మీద పడింది. మాకు కరెంటు లేదు, బస్సుల్లేవు. సినిమా చూడకముందే మాకు పాటలు తెలుసు. ఇది ఈనాటి పిల్లలకి చెప్పినా అర్థం కాదు. శుక్రవారం ‘చిత్రలహరి’లో వేస్తే చూడాలి, లేదా రేడియోలో ‘జనరంజని’కి ఉత్తరం రాసి మన పేరు చదువుతారేమోనని చెవులు రిక్కించి కూర్చోవాలి. ఆ రెండూ కాదంటే రికార్డింగ్ షాపే గతి. కాగితం మీద పాటల లిస్టు రాసిస్తే, ఖాళీ క్యాసెట్‌లో ఎక్కించి వారం తర్వాత ఇచ్చేవాడు. అరవై నిమిషాల క్యాసెట్, అంటే ఒక వైపు అరగంట. మనం అత్యాశతో ఆరు పాటల చోట ఏడు రాస్తాం, వాడూ ఎక్కించేస్తాడు. నా క్యాసెట్‌లో ‘ఏ’ వైపు చివర ఈ సినిమాలోదే ‘ప్రియతమా’. సగం చరణంలో టక్కున ఆగిపోయేది. ఇప్పుడు ఫోన్లో పాట మొత్తం ఉంది, కానీ ఆ మాట దగ్గరికి రాగానే క్యాసెట్ తిప్పడానికి నా చెయ్యి లేస్తుంది. దీన్ని బట్టి నేనూ వయసుకే ఓటెయ్యాలి.

కానీ వెయ్యను. అదే క్యాసెట్ ‘బీ’ వైపు ఇంకో సినిమా పాటలు నాలుగుండేవి. ‘ఏ’ వైపు ఎన్నిసార్లు విన్నానో ‘బీ’ వైపూ అన్నిసార్లు విన్నాను. తిప్పకపోతే మళ్లీ మొదటికి రాదు కదా! అదే టేప్‌రికార్డర్, అదే వరండా, అదే వయసు. ఆ నాలుగు పాటల్లో ఒక్కదాని పల్లవి కూడా ఇప్పుడు నోటికి రావడం లేదు. చిన్నతనమే మంత్రం వేసేదైతే అన్నింటికీ వెయ్యాలిగా?

స్వరజతి:
చప్పట్లు! ఇంక దీనికి జవాబు లేదు.

పాత టేపు:
ఎందుకు లేదమ్మా? బీ వైపు పాటలు బయట ఎక్కడా వినిపించి ఉండవు. ‘ప్రియతమా’ పెళ్లి పందిట్లో ఉంది, బస్సులో ఉంది, వినాయక చవితికీ ఉంది. చిరంజీవి, శ్రీదేవి సినిమా అయిపోయె! వినగా వినగా అతుక్కుపోయింది. అదే పాట ఏ పేరులేని హీరోకో పడి ఉంటే ఈ రోజు మనం మాట్లాడుకునేవాళ్లమా?

లక్ష్మీటాకీస్:
స్టార్ వల్ల మొదటి నెల వినిపిస్తుంది, ఒప్పుకుంటాను. ఆ తర్వాత జనరంజనికి ఉత్తరాలు రాసిందెవరు? చిరంజీవి గారు రాయలేదుగా! ఆయనకే పోయిన సినిమాలున్నాయి, వాటిలో పాటలూ ఉన్నాయి. ఎన్ని గుర్తున్నాయి మీకు?

నర్సన్న చెప్పిన దానికీ ఇదే మాట. సాహిత్యం అర్థం కాకపోయినా పాడారంటే మిమ్మల్ని పట్టుకున్నది బాణీ, బాలు గొంతు. అది నా పక్షానికి సాక్ష్యం, మీ పక్షానికి కాదు.

కాజీపేట జంక్షన్:
పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల లోపు జరిగినవే పెద్దయ్యాక మనుషులకు ఎక్కువగా గుర్తొస్తాయని సైకాలజీ వాళ్లు ఎప్పటి నుంచో చెబుతున్నారు. లక్ష్మీటాకీస్ గారి చెయ్యి లేవడానికి అది చాలు. స్వరజతి గారు పెన్ను పక్కన పెట్టడానికి అది చాలదు. ఇవి రెండు వేర్వేరు సంగతులు. ఇంకోటి కూడా ఉంది, ఎవరూ అనలేదు. 2018లో శ్రీదేవి పోయారు, 2020లో బాలు పోయారు. అంతకుముందు ఈ పాటకి మీలో ఎంతమంది ఏడ్చారు? నేనైతే లేదు. స్టెప్పులేసేవాణ్ణి.

డల్లాస్ బావ:
నిజమే. 2020 తర్వాతే నాకూ ఈ పార్కింగ్ జబ్బు.

పాత టేపు:
అది మాత్రం కాదనలేను. సరే, మా నాన్నగారి మాట ఒకటి. ఆయన ఘంటసాల మనిషి. 1990లో ఈ క్యాసెట్ పెడితే, “ఆ గోల ఆపరా, పాటలంటే అవా?” అనేవారు. ఇప్పుడు మా అక్క కొడుకు పాటలకి నేను సరిగ్గా అదే అంటున్నా. ఆయన చెవి తప్పా, నా చెవి తప్పా? పాటలో అంత బలమే ఉంటే ఆయనకెందుకు ఎక్కలేదు?

స్వరజతి:
మీ నాన్నగారు వినకుండానే ఆపమన్నారు, మీరూ అంతే. వినని చెవిని లెక్కలోకి ఎలా తీసుకుంటాం? నా పందెం ఒకటే. మీ మేనల్లుణ్ణి ఫోన్ పక్కన పెట్టించి, మీరు పక్కన కూర్చుని ముక్కు చీదకుండా, ఆ పాట ఒక్కటే వినిపించండి. హెడ్‌ఫోన్స్‌లో. ఆ వయొలిన్ల సంగతి థియేటర్ ఈలల్లో ఎవరికి తెలుస్తుంది?

ఇందూరు నర్సన్న:
మనదంతా సరే. ఇంకో ముప్పై ఏళ్లకు మన పిల్లలు ఏ పాట విని ఏడుస్తరంటారు?

లక్ష్మీటాకీస్:
మా చిన్నదానికైతే ‘కుర్చీ మడతపెట్టి’. నవ్వకండి, నిద్రలో కూడా పాడుతుంది.