పవర్ బటన్ నొక్కినా ఆగని డెబియన్ సర్వర్: డీబస్ తప్పనిసరా?

బెంగళూరు మారతహళ్ళిలోని మా చిన్న కార్యాలయంలో, మానిటరూ కీబోర్డూ లేని ఒక సర్వర్‌లో, తప్పనిసరి కాకపోయినా ఉంటే మంచిదని సూచించే సిఫారసు ప్యాకేజీలేవీ రాకుండా కట్టడి చేసి డెబియన్ 12 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఇన్‌స్టాల్ చేశాము. కరెంటు పోయి యూపీఎస్ కూత పెట్టినప్పుడు, అక్కడున్నవారెవరైనా పవర్ బటన్‌ను ఒకసారి నొక్కితే యంత్రం పద్ధతిగా ఆగాలన్నది మా ఉద్దేశం. కానీ ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు, చివరికి అదిమిపట్టి బలవంతంగా ఆపవలసి వస్తోంది. బటన్ల సంకేతాలను చూపే ఈవీటెస్ట్‌తో చూస్తే నొక్కిన సంకేతం సిస్టమ్ కేంద్రభాగమైన కెర్నల్ దాకా సక్రమంగానే చేరుతోంది. దాన్ని అందుకొని షట్‌డౌన్ చేయవలసిన సిస్టమ్‌డీ-లాగిన్‌డీ మాత్రం, ప్రోగ్రాముల మధ్య సందేశాలు చేరవేసే డీబస్ లేనందున, మొదలవకుండానే విఫలమవుతోంది. డీబస్ కేవలం సిఫారసు కనుక ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే ఏపీటీ ఒక్క హెచ్చరికా ఇవ్వలేదు. ఇది నాకంత సబబుగా తోచలేదు. ఇటువంటి సర్వర్లు నడిపేవారు డీబస్‌నే చేర్చుకుంటున్నారా, లేక పవర్ బటన్ వంటి సంకేతాలను గమనించే ఏసీపీఐడీ పెట్టి బటన్‌కు స్క్రిప్టు జతచేస్తున్నారా? లాగిన్‌డీ, ఏసీపీఐడీ రెండూ ఉన్నచోట ఒకే నొక్కుకు రెండూ స్పందించే చిక్కు ఎదురైతే ఎలా పరిష్కరించారో దయచేసి తెలుపగలరు.