పాత ఎస్టీమ్: బ్రీదర్ గొట్టాన్ని నేల వైపు వదిలేయవచ్చా?

రాజోలు పాతబండి:
మాది 2002 నాటి మారుతి ఎస్టీమ్, 1.3 లీటర్ల ఎంపీఎఫ్ఐ (కంప్యూటరు అదుపులో పెట్రోలు చిమ్మే) ఇంజను. ఎయిర్ ఫిల్టర్ ఆయిల్‌తో తడుస్తోందని షెడ్డుకు తీసుకెళ్లాను. మెకానిక్ హెడ్ కవరు (ఇంజను పై మూత) నుంచి వచ్చే రెండు బ్రీదర్ గొట్టాలనూ, అంటే ఇంజను లోపలికి గాలి వచ్చిపోయేవాటిని, పీకేశారు. ఎయిర్ క్లీనరుకు వెళ్లేదాన్ని పొడుగు చేసి నేల వైపు వదిలారు. మేనిఫోల్డుకు (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలకు) వెళ్లేదాన్ని తీసేసి రెండు వైపులా బిరడాలు కొట్టారు. ఉదయం పూట స్టార్టు కావడం కష్టంగా ఉందంటే థర్మోస్టాట్ దగ్గరి సెన్సరు కూడా మార్చారు. ఫిల్టరు ఇప్పుడు పొడిగానే ఉంది. కానీ కారు ఆగినప్పుడల్లా లోపలికి కమురు వాసన వస్తోంది, ఉదయం స్టార్టింగ్ బాధ అలాగే ఉంది. గొట్టం అలా వదిలేయడం సరైన పనేనా?

తణుకు స్పానర్:
సరైన పనే. పాత ట్రాక్టర్ల ఇంజన్లకు బ్రీదర్ బయటికే ఉండేది, అవి దశాబ్దాలు దున్నాయి. ఇరవై ఏళ్లు దాటిన ఇంజనులో పిస్టన్ల చుట్టూ ఉండే రింగులు అరిగి, మండిన వాయువు కొంత కిందికి జారుతుంది. ఆ ఆయిల్ పొగనంతా మళ్లీ ఇంజను చేతే మింగిస్తే థ్రాటిల్ బాడీ (ఇంజనుకు వెళ్లే గాలిని అదుపు చేసే భాగం) నల్లగా జిడ్డు పడుతుంది. బయటికి పోనివ్వండి. వాసన అంటారా, గొట్టం ఇంకొంచెం వెనక్కి పొడిగించండి.

కాలువగట్టు:
స్పానర్ గారూ, ట్రాక్టరును ఇక్కడికి లాక్కురావద్దు. ఈ ఇంజనుకు ఉన్న రెండు గొట్టాలకూ రెండు వేర్వేరు పనులు. సన్నగా ఉండి పీసీవీ వాల్వు (వాయువును ఒక వైపుకే పోనిచ్చే చిన్న కవాటం) ద్వారా మేనిఫోల్డులోకి పోయేది లోపలి వాయువును లాగుతుంది. ఎయిర్ క్లీనర్ వైపుది మామూలుగా తాజా గాలిని లోపలికి ఇస్తుంది. లోపల పుట్టే వాయువును వాల్వు లాగలేనప్పుడు మాత్రం అదే గొట్టంలో గాలి ఎదురు తిరిగి, ఫిల్టరు తడుస్తుంది. అంటే ఫిల్టరులో ఆయిల్ కనిపించగానే అనుమానించాల్సింది ముందు వాల్వును, తరువాత రింగులను. రాజోలు గారూ, మీరు ఆ వాల్వుకే బిరడా కొట్టించారు! ఇప్పుడు క్రాంక్‌కేసును (పిస్టన్ల కింద ఆయిల్ ఉండే భాగాన్ని) ఊడ్చే గాలి లేదు. పెట్రోలు ఆవిరి, నీటి ఆవిరి లోపలే ఉండి ఆయిల్‌ను పాడుచేస్తాయి. ఆయిల్ మూత తిప్పి అడుగు భాగం చూడండి. మీగడలాంటి తెల్లని జిడ్డు ఉంటే అది తేమే. పక్క ఊరి దాకా వెళ్లి వచ్చే చిన్న చిన్న ప్రయాణాలలో ఇంజను బాగా వేడెక్కదు కాబట్టి ఆ తేమ ఎగిరిపోదు.

ఇంకొకటి, ఇది మన లంకల వాళ్లకే తెలిసిన సంగతి. గోదావరికి వరద వచ్చి కాజ్‌వే మీద నీళ్లు పారుతున్నప్పుడు గొట్టం చివర చక్రం మధ్య భాగం కంటే కిందికి వేలాడుతుంటే ఏమవుతుంది? నీళ్లలో బండి ఆగి ఇంజను చల్లబడిందంటే ఆ గొట్టం నీటిని పీల్చుకుంటుంది.

తణుకు స్పానర్:
వరద మాట ఒప్పుకుంటాను, గొట్టం పైకి కట్టుకోవచ్చు. రింగులు అరిగిన ఇంజనుకు కొత్త వాల్వు వేసినా ఫిల్టరు తడవడం మానదు. రింగుల పని అంటే ఇంజను విప్పాలి. ఆ ఖర్చు ఈ కారు ధరలో ఎంత భాగమో మీరే లెక్క వేయండి.

నరసాపురం రేవు:
గొట్టం తగవు మీరిద్దరూ తేల్చుకోండి, సెన్సరు సంగతి నేను చెబుతాను. థర్మోస్టాట్ దగ్గర రెండు ఉంటాయి. ఒంటి వైరుది డాష్‌బోర్డు మీటరుకు. రెండు వైర్లది ఇంజను కంప్యూటరుకు. స్టార్టింగ్‌కు సంబంధించింది రెండోదే. గుర్తుపట్టడం తేలిక: ఇంజను నడుస్తుండగా రెండు వైర్ల కనెక్టర్ తీస్తే చెక్ ల్యాంపు వెలుగుతుంది, ఒంటి వైరు తీస్తే మీటరు ముల్లు పడిపోతుంది. ఇంజను బ్లాకు మీద ఇంకో ఒంటి వైరుది ఉంటే అది ఆయిల్ ప్రెషర్ స్విచ్చి, దాని జోలికి పోవద్దు. మల్టీమీటరుతో రెండు వైర్ల సెన్సరును కొలవండి. 20 డిగ్రీల దగ్గర 2000 నుంచి 3000 ఓములు, 80 డిగ్రీలకు సుమారు 300 రావాలి. సముద్రపు గాలికి పిన్నుల మీద పచ్చ తుప్పు పట్టి అడ్డుపడితే కంప్యూటరుకు ఓములు ఎక్కువగా కనిపిస్తాయి. కొబ్బరితోటలో నిలబడిన కారు మంచుకొండల్లో ఉందనుకుని అది పెట్రోలు కుమ్మరిస్తుంది, ప్లగ్గులు తడిసిపోతాయి.

రాజోలు పాతబండి:
చూశాను. షెడ్డులో మార్చింది ఒంటి వైరుదే! రెండు వైర్ల కనెక్టర్ విప్పితే ఒక పిన్ను పచ్చగా పొక్కిపోయి ఉంది. శుభ్రం చేసి బిగించాక ఉదయం తాళం తిప్పగానే అందుకుంది. పీసీవీ వాల్వును చెవి దగ్గర పెట్టుకుని ఊపితే చప్పుడే లేదు, బంకపట్టి బిగుసుకుంది. కొత్తది వేయించి రెండు గొట్టాలూ యథాస్థానంలో పెట్టించాను. ఐడిలింగ్‌లో ఆయిల్ మూత తీసి కాగితం పెడితే నెమ్మదిగా లోపలికి అతుక్కుంటోంది.

కాలువగట్టు:
వాల్వు లాగుతోందన్నమాట. స్పానర్ గారూ, వింటున్నారా?

తణుకు స్పానర్:
వింటున్నాను. ఐడిలింగ్‌లో మేనిఫోల్డు పీల్పు ఎలాగూ బలంగా ఉంటుంది, అక్కడ కాగితం అతుక్కుంటే రింగులు బాగున్నట్టు కాదు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఆ పీల్పు ఉండదు. కారు నిండా మనుషులను ఎక్కించుకుని రావులపాలెం నుంచి రాజమహేంద్రవరం దాకా హైవే మీద వెళ్లి వచ్చి ఫిల్టరు విప్పండి. తడిసి ఉంటే నేను చెప్పిన గొట్టమే గతి.

కాలువగట్టు:
ప్రయాణం చేయమన్న మాట వరకు సరే. తడిసి ఉంటే మాత్రం గొట్టం పీకకండి, నాలుగు సిలిండర్ల కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి) కొలిపించండి. తక్కువ వచ్చినదాంట్లో ప్లగ్గు రంధ్రం నుంచి చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవమనండి. అప్పుడు పెరిగితే రింగులు, పెరగకపోతే సిలిండరు హెడ్‌లోని వాల్వులు, పీసీవీ కాదు. ఆ అంకెలు ఇక్కడ పెట్టండి, అప్పుడు వాదించుకుందాం.