కంప్యూటర్‌కి కలిపిన స్టూడియో స్పీకర్లలో హమ్, గరగర, చిటపటలు: మీకెలా తగ్గాయి?

వేణుగానం:
ఐదంగుళాల స్టూడియో మానిటర్లు (స్పీకర్లే) ఒక జత, లాప్‌టాప్ శబ్దాన్ని వాటికి పంపే యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టె, లాప్‌టాప్, పక్కన పెద్ద డిస్‌ప్లే. ఇదీ నా సెటప్. పాట ఏదీ పెట్టకపోయినా రెండు స్పీకర్లలోంచీ సన్నగా మ్మ్‌మ్మ్ అని వస్తూనే ఉంటుంది. అది చాలదన్నట్టు మౌస్ కదిపితే గరగర, బ్రౌజర్లో పేజీ జరిపితే కీచు. ఇంటర్‌ఫేస్ మీద వాల్యూమ్ సున్నాకి తెచ్చినా హమ్ అలాగే ఉంది. కేబుళ్లు మార్చమని ఒకరు, ఇంటర్‌ఫేసే మార్చమని ఇంకొకరు, పవర్ కండిషనర్ కొనమని మరొకరు. ఎవరి మాట వినాలో తెలియక ఇక్కడ అడుగుతున్నా.

తీగలమనిషి:
ముందు ఏమీ కొనకండి. స్పీకర్ వాల్యూమ్ తగ్గించి, వెనకున్న ఆడియో కేబుల్ పూర్తిగా పీకేసి, కరెంటు మాత్రం ఉంచి, మళ్లీ వాల్యూమ్ పెంచి వినండి. అప్పుడూ హమ్ ఉంటే గొడవ స్పీకర్లోనో కరెంటు లైన్లోనో ఉన్నట్టు. ఆగిపోతే బయటినుంచి వస్తున్నట్టు. రెండోదైతే కేబుల్ మళ్లీ పెట్టి, లాప్‌టాప్‌కి తగిలించినవి ఒక్కోటీ తీస్తూ వినండి. మొదట చార్జర్, తర్వాత హెచ్‌డీఎంఐ, తర్వాత ఇంకేమైనా ఉంటే అవి. ఏది తీసినప్పుడు శబ్దం మారిందో అది రాయండి, మిగతాది అప్పుడు మాట్లాడదాం.

వేణుగానం:
చేశాను. ఆడియో కేబుల్ తీస్తే నిశ్శబ్దం, చెవి దగ్గర పెడితే కొంచెం హిస్ అంతే. చార్జర్ పీకితే సగం తగ్గింది. హెచ్‌డీఎంఐ కూడా తీశాక పూర్తిగా పోయింది! బ్యాటరీ మీద నడిపినా డిస్‌ప్లే తగిలించగానే మళ్లీ మొదలు. డిస్‌ప్లేకీ స్పీకర్లకీ సంబంధం ఏంటసలు?

తీగలమనిషి:
ఎర్త్ సంబంధం. చార్జర్ ద్వారా లాప్‌టాప్‌కి ఎర్త్‌కి ఒక దారి, డిస్‌ప్లే మూడు పిన్నుల ప్లగ్గు నుంచి హెచ్‌డీఎంఐ తొడుగు మీదుగా ఇంకో దారి, అటు స్పీకర్లకి వాటి ఎర్త్ వాటికి. ఇవన్నీ మీ ఆడియో కేబుల్ షీల్డ్ (లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు తొడుగు) దగ్గర కలిసి ఒక చుట్టు అవుతున్నాయి. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. సిగ్నల్‌కి ఒక్క తీగే ఉండే అన్‌బ్యాలెన్స్‌డ్ కేబుల్లో షీల్డే సిగ్నల్‌కి తిరుగుదారి కూడా, అందుకని ఆ చుట్టులో పారే కాస్త కరెంటూ నేరుగా పాటలో కలిసిపోతుంది. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట 50, 100 దగ్గర హమ్, 60 ఉన్నచోట 60, 120. మౌస్ గరగర కూడా ఇదే దారిన వస్తోంది, అది కంప్యూటర్ లోపలి డిజిటల్ రొద. ఇంటర్‌ఫేస్ వాల్యూమ్ తగ్గించినా తగ్గకపోవడానికి కారణం ఇదే, ఆ నాబ్ దాటాక వచ్చి కలుస్తోంది కాబట్టి.

ఇప్పుడు ఒక్కటి చెప్పండి. ఇంటర్‌ఫేస్ నుంచి స్పీకర్‌కి వెళ్లే కేబుల్ ప్లగ్గు మీద నల్ల గీతలు ఒకటా, రెండా?

వేణుగానం:
ఒక్కటే.

తీగలమనిషి:
అదీ సంగతి. ఒక గీత ఉంటే టీఎస్, అన్‌బ్యాలెన్స్‌డ్. రెండు గీతలున్న టీఆర్‌ఎస్ కేబుల్ పెట్టండి, అది బ్యాలెన్స్‌డ్, సిగ్నల్‌కి రెండు తీగలు, షీల్డ్ వేరు కాబట్టి ఆ రొద పాటలో కలవదు. లేదా స్పీకర్‌కి మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ ఇన్‌పుట్ ఉంటే టీఆర్‌ఎస్ నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్. ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్ బ్యాలెన్స్‌డా కాదా మాన్యువల్లో చూసుకోండి, చాలావాటికి ఉంటుంది. దాంతోపాటు లాప్‌టాప్, డిస్‌ప్లే, స్పీకర్లు అన్నీ ఒకే పవర్ స్ట్రిప్‌లోకి తెచ్చేయండి. ఎర్త్ దారులు ఎంత దగ్గరైతే అంత మంచిది.

రాగమాలిక:
మధ్యలో దూరుతున్నా, ఒక హెచ్చరిక. ఇలాంటి ప్రశ్న ఎక్కడ కనిపించినా కింద ఎవరో ఒకరు "స్పీకర్ ప్లగ్గు ఎర్త్ పిన్ను తీసెయ్, హమ్ పోతుంది" అంటారు. పోతుంది నిజమే. కానీ లోపల ఎక్కడైనా ఇన్సులేషన్ పోయిందంటే స్పీకర్ వెనకున్న లోహపు పలకకే కరెంటు వచ్చేస్తుంది, ముట్టుకున్నవాళ్లకి ప్రాణం మీదకొస్తుంది. ఆ పని అస్సలు వద్దు. బ్యాలెన్స్‌డ్ కేబుల్‌తోనూ పోకపోతే మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఆడియో ఐసోలేటర్ పెట్టుకోవచ్చు. యూఎస్‌బీ ఐసోలేటర్లూ ఉన్నాయిగానీ చూసి కొనాలి, చవకవాటిలో చాలావరకు 12 మెగాబిట్లకే పరిమితం. ఇంటర్‌ఫేస్‌కి 480 మెగాబిట్ల హై స్పీడ్ కావాలంటే అది దాంతో పనిచేయదు.

బేస్‌బాబాయ్:
టీఆర్‌ఎస్ అనగానే ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఇంటర్‌ఫేస్ లేకుండా లాప్‌టాప్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి నేరుగా స్పీకర్‌కి కలిపేవాళ్లు వినండి. మా తమ్ముడి దగ్గర ఒకసారి పాటలో తబలా, వయొలిన్లు అన్నీ వినిపిస్తున్నాయి, పాడేవాళ్ల గొంతు మాత్రం ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంది. స్పీకర్ పాడైందనే అనుకున్నారు అందరూ. చూస్తే స్టీరియో 3.5 మిల్లీమీటర్ జాక్ నుంచి ఒకే టీఆర్‌ఎస్ ప్లగ్గున్న కేబుల్. బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ ఏం చేస్తుందంటే టిప్ (ప్లగ్గు కొన) సిగ్నల్‌లోంచి రింగ్ (గీతల మధ్య పట్టీ) సిగ్నల్‌ని తీసేస్తుంది. ఇక్కడ టిప్ ఎడమ, రింగ్ కుడి. రెండింట్లోనూ సమానంగా ఉండేది గొంతే కాబట్టి అది కాస్తా కొట్టుకుపోయింది! 3.5 స్టీరియో నుంచి రెండు విడి టీఎస్ ప్లగ్గులుగా చీలే కేబుల్ పెడితే సరి.

వేణుగానం:
అప్‌డేట్: టీఆర్‌ఎస్ కేబుళ్లు పెట్టా, అన్నీ ఒకే స్ట్రిప్‌లోకి తెచ్చా. డిస్‌ప్లే తగిలించి ఉన్నా, చార్జర్ ఉన్నా హమ్ లేదు, మౌస్ గరగర కూడా లేదు. తీగలమనిషి గారూ, చాలా థ్యాంక్సండీ. ఆ సన్నటి హిస్ మాత్రం ఉంది, దాన్నేం చేయాలి?

రాగమాలిక:
కూర్చునే చోటికి వినిపిస్తోందా, చెవి ఆనిస్తేనే వినిపిస్తోందా? చెవి ఆనిస్తేనే అయితే వదిలేయండి, లోపల ఆంప్లిఫయర్ ఉన్న స్పీకర్లకి అది మామూలే. కూర్చున్నచోటికే వస్తుంటే స్పీకర్ వెనక గెయిన్ (సిగ్నల్‌ని పెంచే నాబ్) ఫుల్లుగా ఉందేమో చూడండి. దాన్ని తగ్గించి ఇంటర్‌ఫేస్ వాల్యూమ్ పెంచండి. వెనక +4, -10 అని ఇన్‌పుట్ స్థాయి స్విచ్ ఉంటే +4 వైపు ఉంచండి, రెండింటికీ సుమారు 12 డెసిబెల్స్ తేడా.

చిన్నిసింథ్:
నాది హమ్ కాదు. పాట మధ్యలో రేకు మీద చినుకులు పడ్డట్టు చిటపటలు, ట్రాకులు ఎక్కువైతే ఇంకా ఎక్కువ. స్పీకర్లే మార్చేద్దామా అన్నంత విసుగొచ్చింది.

తీగలమనిషి:
హెడ్‌ఫోన్స్ అదే ఇంటర్‌ఫేస్‌కి పెట్టి వినండి. అందులోనూ వస్తే స్పీకర్ల తప్పేం లేదు. బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో సిద్ధం చేసే శబ్దపు ముక్క) ఎంత పెట్టారు? 48 కిలోహెర్ట్జ్‌లో 64 శాంపిల్స్ అంటే ప్రాసెసర్‌కి దొరికే టైమ్ 1.3 మిల్లీసెకన్లే, ఆలోపు పని అవకపోతే చిట్‌మంటుంది. పాడేటప్పుడు 128 లేదా 256, మిక్సింగ్‌కి 1024 పెట్టుకోండి, అప్పుడు ఆలస్యం ఎవరికీ పట్టదు. విండోస్ అయితే ఇంటర్‌ఫేస్ తయారీదారు ఇచ్చిన ఆసియో (ASIO) అనే ఆడియో డ్రైవరే వాడాలి. శాంపిల్ రేటు ప్రాజెక్టులో 44.1 కిలోహెర్ట్జ్, ఇంటర్‌ఫేస్‌లో 48 అని వేర్వేరుగా లేకుండా చూడండి. ఇంటర్‌ఫేస్ సెట్టింగుల్లో క్లాక్ సోర్స్ (శాంపిళ్ల లయ ఎక్కడినుంచి తీసుకోవాలన్నది) ఇంటర్నల్‌లో ఉండాలి. ఇవన్నీ సరిగ్గా ఉన్నా వస్తుంటే లేటెన్సీమాన్ అనే ప్రోగ్రామ్ పెట్టి ఏ డ్రైవర్ అడ్డుపడుతోందో చూడండి, నాకు తెలిసి ఎక్కువసార్లు వైఫై డ్రైవరే.

చిన్నిసింథ్:
వైఫై ఆపితే నిజంగానే ఆగిపోయింది! రికార్డింగ్ టైమ్‌లో ఆపేసుకుంటా, మిగతా టైమ్‌లో డ్రైవర్ కొత్తది వేసి చూస్తా.

బేస్‌బాబాయ్:
కుడి స్పీకర్ తగ్గింది, ఎడమది తగ్గింది అని అడిగేవాళ్లకి ఒకటే మాట: రెండు కేబుళ్లూ స్పీకర్ల దగ్గర అటుదిటు మార్చండి. లోపం కేబుల్‌తోపాటు పక్క స్పీకర్‌కి వెళ్తే కేబులో ఇంటర్‌ఫేసో, కదలకుండా అక్కడే ఉంటే స్పీకర్.

నిశ్శబ్దరాత్రి:
మెల్లగా వింటుంటే కాసేపటికి స్పీకర్లు వాటంతటవే ఆగిపోతున్నాయి. వాల్యూమ్ పెంచితే మళ్లీ లేస్తున్నాయి. చెడిపోయినట్టేనా?

రాగమాలిక:
లేదండీ, అది ఆటో స్టాండ్‌బై. సిగ్నల్ మరీ చిన్నదైతే ఏమీ రావట్లేదనుకుని పడుకుంటాయి. వెనక స్విచ్ ఉంటే ఆఫ్ చేయండి. లేకపోతే స్పీకర్ గెయిన్ తగ్గించి, ఇంటర్‌ఫేస్ నుంచి పెద్ద సిగ్నల్ పంపితే మేలుకునే ఉంటాయి.

గోడమూల:
బేస్ గురించి అడగొచ్చా? నా గదిలో కొన్ని నోట్లు గుమ్మని మోగుతాయి, కొన్ని మాయం.

బేస్‌బాబాయ్:
అది గది పని. స్పీకర్ మూలకి దగ్గరగా ఉంటే బేస్ ఉబ్బుతుంది. వెనక గోడ నుంచి వచ్చే ప్రతిధ్వని ఎదురు తగిలి కొన్ని నోట్లు పోతాయి. స్పీకర్ ముందు భాగం గోడకి ఒక మీటరు దూరంలో ఉంటే సుమారు 86 హెర్ట్జ్ దగ్గర, అర మీటరుంటే 171 దగ్గర గుంట పడుతుంది. ఆ గుంటని ఈక్వలైజర్‌తో పూడ్చాలని చూడకండి, ఎంత పెంచినా అంతా కొట్టుకుపోతుంది, ఆంప్లిఫయర్‌కే భారం. జరిపి చూడటమే. ట్వీటర్లు (సన్నటి శబ్దాలిచ్చే చిన్న గుండ్రటి భాగాలు) చెవి ఎత్తులో, రెండు స్పీకర్లూ మీ తలా సమాన త్రిభుజం.

గోడమూల:
జరపడానికి ఒక అడుగే చోటుంది. మధ్యలో డెస్క్.

బేస్‌బాబాయ్:
ఒక అడుగైనా తేడా తెలుస్తుంది. గోడకి దగ్గరగానే ఉంచక తప్పదంటే వెనక బేస్ తగ్గించే స్విచ్ -2 కో -4 డెసిబెల్స్‌కో పెట్టండి, కింద ఫోమ్ ప్యాడ్లు వేయండి, డెస్క్ ఊగడం తగ్గుతుంది. జరిపిన ప్రతిసారీ తెలిసిన ఒకే పాట అదే వాల్యూమ్‌లో వినండి.