ఇద్దరమే ఉన్నప్పుడు పెద్ద జెనోవాను సంభాళించడం ఎలా?

ప్రశ్న: నేనూ మా తమ్ముడూ చెన్నై రేవు నుంచి 28 అడుగుల తెరచాప పడవలో వెళ్తుంటాము. మా జెనోవా (మాస్టు, అంటే తెరచాప స్తంభం, ముందు ఉండే పెద్ద తెరచాప) 150 శాతానిది, అంటే దాని వెడల్పు మాస్టుకూ ముందు తీగకూ మధ్య దూరానికి ఒకటిన్నర రెట్లు. మొన్న మధ్యాహ్నం సముద్రపు గాలి పుంజుకున్నాక దాన్ని చుట్టబోతే తాడు చేతిలోంచి జారి అరచేతి చర్మం లేచిపోయింది. అనుభవం ఉన్నవారు దయచేసి దారి చెప్పగలరు.

జవాబు: ముందు చేతులకు గ్లవ్స్ వేసుకోండి, అన్నగారూ. గాలికి ఎదురెక్కుతూ చుట్టవద్దు. పడవను గాలివాలుకు తిప్పితే మెయిన్ తెరచాప చాటున జెనోవా మెత్తబడుతుంది. అప్పుడు షీటును (తెరచాప కింది మూలను లాగే తాడును) పూర్తిగా వదిలేయకుండా, కొద్దిపాటి బిగువు ఉంచి సడలిస్తూ ఫర్లింగ్ తాడు (తెరచాపను చుట్టే తాడు) లాగితే, చుట్ట వదులు కాకుండా ఒక్కరే ముగించగలరు. అది మొరాయిస్తే వించ్‌తో (తాళ్లు బిగించే మరతో) బలవంతం చేయకండి. పైన హాల్యార్డ్ (తెరచాపను పైకెత్తే తాడు) ఫోర్‌స్టేకు (మాస్టు నుంచి పడవ ముందు కొసకు కట్టిన తీగకు) చుట్టుకుందేమో చూడండి.

మరో జవాబు: ట్యాక్ చేసేటప్పుడు (పడవ ముక్కును గాలి మీదుగా ఒక పక్క నుంచి మరో పక్కకు తిప్పేటప్పుడు) చుక్కాని నెమ్మదిగా తిప్పాలి. తెరచాప మాస్టు దాటుతుండగానే వించ్‌పై రెండు చుట్లు మాత్రమే వేసి గబగబా లాగేస్తే, హ్యాండిల్‌తో బిగించాల్సింది జానెడే మిగులుతుంది. ఈశాన్య రుతుపవనాల నెలల్లో మాత్రం 110 శాతం జిబ్ (జెనోవా కన్నా చిన్న ముందు తెరచాప) మేలని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలండీ. హాల్యార్డ్ సంగతి నాకు తట్టనే లేదు. ఆదివారం మాస్టు పైభాగం చూసి రాస్తాను.