భుజంలో టెండన్ (కండని ఎముకకి కలిపే నరంలాంటి తాడు) తెగితే ఆపరేషన్ తప్పదా?

గోదారిగట్టు: మా ఇంట్లో ఒకరికి వయసు 62, షుగరుంది. దెబ్బేం తగల్లేదు. ఎంఆర్‌ఐలో సుప్రాస్పైనేటస్ (చెయ్యెత్తే కండ టెండన్) ఫుల్ థిక్‌నెస్ టియర్, అంటే మందమంతా తెగింది, 1.5 సెంటీమీటర్లు. చెయ్యి పైకి లేస్తోంది గానీ రాత్రి ఆ పక్కకి పడుకోలేరు. కుట్టించాలా?

ఆర్థో_బెజవాడ: కుట్టించండి. ఫుల్ టియర్ దానంతటది అతుక్కోదు. పెరిగిందంటే కండలో కొవ్వు చేరుతుంది, అప్పుడు కుట్టినా నిలవదు.

ఫిజియో_ఓరుగల్లు: కిందపడి చెయ్యి ఉన్నట్టుండి లేవకపోతే వారాల్లోనే సర్జన్‌కి చూపించాలి, ఒప్పుకుంటా. ఇది అరుగుదల. 60 దాటితే నొప్పిలేని భుజాల్లోనూ ఇలాంటివి కనిపిస్తాయి. అమెరికాలో మూన్ అనే భుజం పరిశోధకుల బృందం 2013లో ప్రచురించింది చూడండి: దెబ్బ లేకుండా తెగినవాళ్లకి ముందు వ్యాయామం చేయిస్తే, రెండేళ్లలో ఆపరేషన్‌కి వెళ్లింది సుమారు నాలుగో వంతు.

ఆర్థో_బెజవాడ: వాళ్ల టియర్ మూసుకుందా?

మిర్చిబజ్జీ: ఇంజక్షన్ వేయిస్తే పోలా?

ఫిజియో_ఓరుగల్లు: స్టెరాయిడ్‌తో కొన్ని రోజులు షుగరు ఎగబాకుతుంది. భుజం నొప్పికి వ్యాయామాన్నీ ఇంజక్షన్‌నీ పరీక్షించిన బ్రిటన్ గ్రాస్ప్ ట్రయల్‌లో (2021) ఇంజక్షన్ మేలు మొదటి వారాల్లోనే, అదీ కొద్దిగా. ఆపరేషన్ అనుకుంటే ముందు నెలలో అసలొద్దు, ఇన్ఫెక్షన్ భయం.

ఆర్థో_బెజవాడ: అదే గ్రాస్ప్‌లో ఆరు సిట్టింగుల ఫిజియో, ఒక్క సలహా సిట్టింగుని మించలేదు. అది చెప్పరేం? సిట్టింగులు అమ్ముడుపోవనా?

ఫిజియో_ఓరుగల్లు: ఆ ఒక్క సిట్టింగులో నేర్పిందీ ఇంట్లో చేసుకునే వ్యాయామమే సార్! టెండన్‌ని ఎముకకి బిగించే మీ యాంకర్ల బిల్లు సంగతి నేనెత్తానా? మోచేతికీ నడుముకీ మధ్య మడతపెట్టిన టవల్, రబ్బరు బ్యాండు బయటికి లాగడం, 10 చొప్పున మూడు దఫాలు, రోజు విడిచి రోజు, 12 వారాలు. నొప్పి పదికి నాలుగు దాటకూడదు, తెల్లారేసరికి తగ్గాలి. చాలామంది బిగుతు పెంచకుండా నెలల తరబడి అదే ఎర్ర బ్యాండు లాగి ఫిజియో పనిచేయదంటారు.

ఆర్థో_బెజవాడ: నా గొడవే అది. జనం రెండు వారాలకే మానేస్తారు. నొప్పి తగ్గితే మళ్లీ స్కానుకి రారు. వచ్చేసరికి టెండన్ వెనక్కి లాక్కుపోయి ఉంటుంది. మీ లెక్క బుద్ధిగా చేసే పేషెంటుకి.

ఫిజియో_ఓరుగల్లు: కుట్టాక నాలుగు నుంచి ఆరు వారాలు స్లింగు (చెయ్యి వేలాడదీసే పట్టీ), ఆపైన నెలల తరబడి ఈ వ్యాయామమేగా? ఇది చెయ్యనివాడు అది చేస్తాడా?

ఆర్థో_బెజవాడ: కోత పడ్డాక భయముంటుంది.

ఫిజియో_ఓరుగల్లు: భయంతో కదపక బిగుసుకుపోయిన భుజాలు నా దగ్గరికే వస్తాయి. షుగరుంటే మరీను.

గోదారిగట్టు: అయితే 12 వారాలు ఆగితే ఏం చూసుకోవాలి?

ఫిజియో_ఓరుగల్లు: నిద్ర, బలం. మోచెయ్యి నడుముకి ఆనించి బయటికి నెట్టే బలం రెండో చేతితో పోల్చండి. తగ్గుతుంటే ఆగొద్దు.

ఆర్థో_బెజవాడ: ఆరు నెలలకి అల్ట్రాసౌండ్ కూడా. తేదీ ఇవాళే రాసిపెట్టుకోండి.