మిల్ సర్టిఫికెట్‌లో బలం ఎక్కువుంటే అలవబుల్ స్ట్రెస్ పెంచుకోవచ్చా?

కొత్త_డిజైనర్:
ఎస్‌ఏ-516 గ్రేడ్ 70 ఉక్కు ప్లేటుతో ప్రెషర్ వెసెల్ (లోపలి ఒత్తిడిని తట్టుకునే ట్యాంకు) షెల్, అంటే దాని గుండ్రటి గోడ. ప్రెషర్ 2 ఎంపీఏ, లోపలి వ్యాసార్థం 1000 మి.మీ., 200 డిగ్రీలు, జాయింట్ ఎఫిషియెన్సీ (వెల్డ్ అతుకుని ఎంత బలంగా లెక్కించాలన్నది) 1. ప్రెషర్ వెసెళ్ల కోడ్ అయిన ఏఎస్‌ఎంఈ సెక్షన్ 8 డివిజన్ 1లో అలవబుల్ (డిజైన్‌లో ప్లేటు మీద పడనివ్వదగ్గ గరిష్ఠ స్ట్రెస్) 138 ఎంపీఏ, మందం 14.6 మి.మీ. వస్తోంది. గ్రేడ్‌కి కనీస టెన్సైల్ (తెగేలోపు తట్టుకునే గరిష్ఠ స్ట్రెస్) 485 ఎంపీఏ. మాకొచ్చిన ప్లేట్లకి మిల్లు ఇచ్చిన టెస్టు సర్టిఫికెట్‌లో 540 ఉంది. 540ని కోడ్ భద్రతా ఫ్యాక్టర్ 3.5తో భాగిస్తే 154, అంటే 13.1 మి.మీ. సరిపోవాలి. ఉన్న బలాన్ని ఎందుకు వదులుకోవాలి?

షెల్_సైడ్:
కుదరదు. డివిజన్ 1లో అలవబుల్‌ని మనం లెక్కకట్టం, అదే కోడ్ సెక్షన్ 2 పార్ట్ డి పట్టికలోంచి తీసుకుంటాం. సర్టిఫికెట్ ఉన్నది ప్లేటు ఆ గ్రేడ్‌కి పాసయిందని చూపడానికే.

ఫ్యాబ్_షాప్:
"కోడ్‌లో అలా ఉంది" అంటే సరిపోతుందా సార్? టెన్సైల్ మీద ఫ్యాక్టర్ ఒకప్పుడు 5, తర్వాత 4, 1999లో 3.5 అయింది. ఇదే గ్రేడ్‌కి అలవబుల్ 17.5 కేఎస్‌ఐ (సుమారు 121 ఎంపీఏ) ఉన్నది 20 (138 ఎంపీఏ) అయింది. ఉక్కు అదే కదా! కమిటీ తగ్గిస్తే ఇంజనీరింగ్, మేం అడిగితే తప్పా?

పాత_ఇన్‌స్పెక్టర్:
అడగడం తప్పు కాదండీ, లెక్కే సగంలో ఆగింది. అలవబుల్‌కి టెన్సైల్ ఒక్కటే కొలమానం కాదు. ఆ ఉష్ణోగ్రత దగ్గరి ఈల్డ్‌లో (ప్లేటు శాశ్వతంగా సాగడం మొదలయ్యే స్ట్రెస్‌లో) మూడింట రెండు వంతులు కూడా దాటకూడదు. గది ఉష్ణోగ్రతలో ఈ గ్రేడ్ ఈల్డ్ 260, కానీ 200 డిగ్రీల దగ్గర పట్టిక విలువ సుమారు 225. అందులో మూడింట రెండు వంతులంటే 150. మీ 154 అక్కడే ఆగిపోయింది.

సర్టిఫికెట్‌లో ఈల్డ్ కూడా ఎక్కువే ఉందంటారేమో. అది చల్లటి ముక్క మీద చేసిన టెస్టు, వేడిలో ఎంత నిలుస్తుందో చెప్పదు. పైగా ముక్క కోసింది ప్లేటులో ఒక చోట. తర్వాత మీరు దాన్ని రోల్ చేస్తారు, వెల్డ్ చేస్తారు, అవసరమైతే పీడబ్ల్యూహెచ్‌టీ (వెల్డింగ్ తర్వాత ఫర్నేస్‌లో వేడిచేయడం) చేస్తారు. రిపేరొస్తే ఇంకోసారి ఫర్నేస్‌లో పెడతారు. అన్ని గంటలు వేడిలో ఉన్నాక టెన్సైల్ కొంత దిగుతుంది. సిమ్యులేటెడ్ పీడబ్ల్యూహెచ్‌టీ (టెస్టు ముక్కకీ అన్ని గంటల వేడి ఇవ్వడం) తర్వాత టెస్టు చేయమని ఆర్డర్‌లో అడగకపోతే ఆ 540 మీ వెసెల్‌లో ఉన్న ప్లేటుది కాదు.

ఇక ఫ్యాక్టర్ తగ్గిందంటే ఒక ప్లేటు బాగా వచ్చిందని కాదు. మెటీరియల్, టఫ్‌నెస్ (పగుళ్లని తట్టుకునే గుణం) రూల్స్, వెల్డింగ్, తనిఖీ అన్నీ మెరుగయ్యాయన్న నమ్మకం మీద తగ్గించారు.

ఫ్యాబ్_షాప్:
ఈల్డ్ సంగతి ఒప్పుకుంటాను. అయినా మందం తగ్గించే దారే లేదంటారా?

షెల్_సైడ్:
ఉంది, అదే సెక్షన్ 8లో డివిజన్ 2. 2007లో అక్కడ టెన్సైల్ ఫ్యాక్టర్ 2.4 అయింది, ఇప్పుడది క్లాస్ 2 వెసెళ్లకి. అంటే 485కి 202 వస్తుంది, కానీ ఈల్డ్ అడ్డుపడి మీ ఉష్ణోగ్రతకి 150 దగ్గరే ఆగుతుంది. మందం సుమారు 13.4. ఆ ఒక్క మిల్లీమీటరు చిల్లరకి డిజైన్ లెక్కలు, ఎన్‌డీటీ (వెల్డ్‌ని పాడుచేయకుండా చేసే తనిఖీలు), కాగితాలు అన్నీ పెరుగుతాయి. ఒక్క వెసెల్‌కి నేనైతే వెళ్లను. పెద్ద మందాలైతే వేరే మాట.

కొత్త_డిజైనర్:
కరోజన్ అలవెన్స్ (తుప్పుకి పోతుందని కలిపే అదనపు మందం) 3 మి.మీ. కలిపితే ఎలాగూ 18 ప్లేటే తీసుకోవాలి. డివిజన్ 1లోనే 138తో వెళ్తున్నాను. ఫర్నేస్ గంటల సంగతి మాత్రం తర్వాతి ఆర్డర్‌లో రాయిస్తాను.